ప్రోగ్రెస్ బార్ గారికి ఒక లెక్కల మాస్టారి లేఖ

మహారాజశ్రీ ఉపాధ్యాయ శిక్షణ ఆన్‌లైన్ కోర్సు ప్రోగ్రెస్ బార్ గారి సముఖమునకు,

లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరే ఇవాళ మధ్యాహ్నం 96 శాతంతో నిండుగా కళకళలాడుతూ ఉండి, సాయంత్రానికి 41కి చిక్కిపోయారు. ఒంట్లో ఎలా ఉందో కనుక్కుందామని ఈ ఉత్తరం.

ఆఖరి తేదీ ఎప్పుడూ ఆదివారమే ఎందుకు పడుతుందని అడగను. పొద్దుటి నుంచీ గ్రూపులో జాబితాలు తిరుగుతూనే ఉన్నాయి. పూర్తి చేసినవాళ్లు పచ్చ రంగులో, చేయనివాళ్లు ఎర్ర రంగులో. ఎర్రవాళ్లలో నేనున్నాను. ‘మన స్కూలు పర్సెంటేజీ మీ దగ్గరే ఆగిందండీ’ అని హెచ్ఎం గారు ఫోన్ చేశారు. మర్యాదగానే చేశారు. అందుకని అన్నం తిని చెయ్యి కడుక్కోగానే తమరి ముందు కూర్చున్నాను.

ఓటీపీ వచ్చేసరికి దానికి కాలం చెల్లింది. పోనివ్వండి. తర్వాత తమరి సర్వే: ‘టెక్నాలజీ వాడకంలో మీ ఆత్మవిశ్వాసానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేసుకోండి.’ 1 వేస్తే ఇంకో కోర్సు తగులుకుంటుంది. 5 వేస్తే మిగతా టీచర్లకి శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌ని చేసి మండలాలు తిప్పుతారు. అందుకే రాష్ట్రంలో ఉపాధ్యాయులందరి ఆత్మవిశ్వాసమూ సరిగ్గా 3. చివర్లో పెట్టే క్విజ్ గురించి చెప్పక్కర్లేదు. కోర్సు తెరుచుకోకముందే జవాబులు గ్రూపులోకి వచ్చేస్తాయి, ‘1-సి, 2-ఎ’ అంటూ.

ఇవన్నీ నేను క్షమించేశాను. క్షమించలేనిది ఇంకొకటుంది.

తమరి వీడియోల్లో చాలావరకు, స్లైడు మీద ఉన్న వాక్యాన్ని పక్కన నిలబడి మనకి చదివి వినిపించేవే. ఒక్కటి మాత్రం బాగుంది. ఎవరో పల్లెటూరి బడి మాస్టారు, ఫోన్‌తో తీసుకున్నట్టున్నారు, వెనక ఫ్యాన్ చప్పుడు. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఒక వృత్తం గీశారు. దాని మీద ఎ, బి, సి అని మూడు బిందువులు పెట్టి, సి దగ్గర కోణం కొలిచారు. 52 డిగ్రీలు. ఇక సి ని పట్టుకుని వృత్తం వెంట లాగుతున్నారు. ఎబి గీతకి ఇవతల సి ఎటు జరిగినా కోణం 52 దగ్గరే ఉంది. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానం అని ఇన్నేళ్లుగా నల్లబల్ల మీద నిరూపిస్తున్నాను. పిల్లలు తలలూపుతారు, పరీక్షలో రాస్తారు, నమ్మరు. అది కళ్లముందు కదులుతుంటే నమ్మక ఏం చేస్తారు?

వీడియో అక్కడ ఆపాను. లాప్‌టాప్‌లో జియోజీబ్రా తెరిచి నేనూ గీశాను. బాగానే వచ్చింది. మా తొమ్మిది బి వాళ్లు ఊరుకోరు కదా, ‘సార్, ఎబి గీత దాటించి అవతలికి లాగితే?’ అంటారు. లాగాను. 128 రావాలి. 232 వచ్చింది! కాసేపు బుర్ర తిరిగింది. తర్వాత తెలిసింది, అది కోణాన్ని ఎప్పుడూ ఒకే దిశలో, గడియారం ముల్లుకి ఎదురుగా కొలుస్తుందని. సి అవతలికి వెళ్లగానే అది లోపలి కోణాన్ని వదిలి, బయటినుంచి చుట్టి వస్తోంది. సెట్టింగ్స్‌లో 0 నుంచి 180 మధ్య చూపించమని మారిస్తే బుద్ధిగా 128 చూపించింది. 52, 128 కలిపితే 180. నాలుగు మూలలూ వృత్తం మీదే ఉండే చక్రీయ చతుర్భుజంలో ఎదురెదురు కోణాల మొత్తం! పుస్తకంలో అది వేరే సిద్ధాంతం, దానికి వేరే నిరూపణ. పిల్లలు రెండింటినీ విడివిడిగా బట్టీ పడతారు. ఇక్కడ ఒక్క చుక్కని గీత దాటిస్తే రెండూ ఒకటే కథ అని తేలిపోయింది. ఆదివారం మధ్యాహ్నం ఇంత సంతోషం ఎప్పుడు పడ్డానో గుర్తులేదు.

ఆ సంతోషంతో తమరి దగ్గరికి తిరిగొచ్చాను. ‘మీరు చాలాసేపటి నుంచి నిష్క్రియంగా ఉన్నారు. లాగౌట్ చేయబడ్డారు.’ మళ్లీ లాగిన్ అయితే 41.

నిష్క్రియంగానా? నేనా?

వంట పోటీ పెట్టి, వంటింట్లోకి వెళ్లినవాళ్లు హాల్లో కనిపించడం లేదని పేరు కొట్టేసినట్టుంది నీ వరస. అవును, నువ్వే. ఇక ‘గారు’ నావల్ల కాదు. మా సోషల్ టీచర్ గారి కోర్సు వాళ్లబ్బాయి చేశాడు. ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్ మ్యూట్‌లో పెట్టి, క్రికెట్ చూస్తూ, వీడియో అయినప్పుడల్లా నెక్స్ట్ నొక్కాడు. ఆమెకి 100 శాతం, రంగురంగుల సర్టిఫికెట్. నీ లెక్కలో చురుకైన ఉపాధ్యాయుడంటే వాడు. నేర్చుకున్నది చేసి చూసినవాడు సోమరి.

2020 జాతీయ విద్యా విధానం ఏం చెప్పిందో తెలుసా? ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకోవాలంది, అదీ ‘తన సొంత ఆసక్తి మేరకు’. ఆ 50 ని పట్టుకున్నారు, ఆసక్తిని వదిలేశారు. యునెస్కో వాళ్లు 2018లో వేసిన మూడో కూర్పులో ఉపాధ్యాయుల ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ టెక్నాలజీ) సామర్థ్యాలు 18 అన్నారు. జ్ఞానాన్ని అందుకోవడం, లోతు చేసుకోవడం, కొత్తగా సృష్టించడం అని మూడు మెట్లు పెట్టారు. నీకు తెలిసినవి రెండే మెట్లు: ప్లే, నెక్స్ట్. ఎవరైనా మూడోది ఎక్కబోతే గంట కొట్టి కిందికి దించేస్తావు.

నా క్లాసులోకి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, గోడకున్న డిజిటల్ ప్యానెల్ మీద నేనేం చేస్తున్నానో చూసినవాడు ఇంతవరకు ఒక్కడు లేడు. ప్యానెల్ పనిచేస్తోందా అని అడుగుతారు, ఫొటో పెట్టమంటారు, పెడతాను. పాఠం పనిచేసిందా అని అడగరు. ఆ ఫ్యాన్ చప్పుడు మాస్టారు నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. ఆయన కోసమే నీ మీద నాకింకా కాస్త దయ మిగిలింది.

రేపు మూడో పీరియడ్, తొమ్మిది బి. చేతనైతే వచ్చి చూడు. సెట్టింగ్ మళ్లీ పాతదానికే మార్చిపెట్టాను. 232 రానీ. ఎందుకొచ్చిందో పిల్లలనే చెప్పమంటాను.

నీ మిగతా 59 శాతం సోషల్ టీచర్ గారి అబ్బాయి చూసుకుంటాడు. మాట్లాడేశాను.

ఇట్లు,
నిష్క్రియ ఉపాధ్యాయుడు (గణితం)