రావు అంటే ఏ రావు?

112వ పేజీలో గూఢచారికి జయనగరలో ఇల్లు దొరికింది. ఒక్క వాక్యంలో దొరికింది. ఆ రాత్రే అతను నాలుగో బ్లాకులో ఒక ఇంట్లో దిగాడట, అంతే. తరువాతి వాక్యంలో తుపాకీ శుభ్రం చేసుకుంటున్నాడు. నేను కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. అడ్వాన్సు ఊసు లేదు. బ్రోకరు లేడు. ఇంటి యజమాని ఉన్నాడో పోయాడో తెలియదు. అణుబాంబును తలపిన్నుతో ఆపాడని రాస్తే నమ్మేవాణ్ని, నిజానికి 40వ పేజీలో నమ్మాను కూడా. కానీ బెంగళూరులో పెళ్లికానివాడికి రాత్రికి రాత్రి అద్దె ఇల్లు దొరికిందంటే ఎలా నమ్మేది? కల్పనకైనా ఒక హద్దు ఉండాలి కదా.

గూఢచారి నవలలు నాకు పడవని ముందే మనవి చేసుకుంటున్నాను. పదిహేను మంది పేర్లు గుర్తుపెట్టుకుని చివరి దాకా వెళితే అందులో నలుగురు ఒకడేనని తేలుతుంది. ఈ పుస్తకం నేను కొన్నది కాదు, మా బావమరిది తెచ్చి చేతిలో పెట్టాడు. "మొదలుపెట్టారంటే అన్నం కూడా గుర్తుండదు బావగారూ" అన్నాడు. నాకు అన్నమే కాదు, గ్యాసు బుక్ చేయాలన్న సంగతి, ఇస్త్రీ బట్టల సంగతి, ఏనాడో తీసుకుని ఇవ్వని చేబదులు సంగతి కూడా వరసగా గుర్తొచ్చాయి. మొత్తం 480 పేజీలు. అట్టమీద ఒకడు మనకు వీపు చూపించి పరుగెత్తుతూ ఉంటాడు. ఇలాంటి ప్రతి పుస్తకం మీదా వాడే ఉంటాడు. బహుశా పాఠకుడికి దొరక్కుండా పారిపోతున్నాడు.

సాయంత్రం ఆరున్నరకు సిల్క్ బోర్డు దగ్గర కారెక్కి, పదకొండు నిమిషాల్లో ఊరికి ఆ కొసనున్న దేవనహళ్లి విమానాశ్రయంలో దిగాడు. దాని గురించి నేనేమీ అనను. హత్య చేసి వచ్చిన ప్రతిసారీ షవరు కింద పావుగంట నిలబడి జీవితం గురించి ఆలోచిస్తాడు. 2024 వేసవిలో ఈ నగరంలో తాగునీటితో కారు కడిగినవాళ్లకు 5,000 రూపాయల జరిమానా వేశారు. ట్యాంకరు నీళ్లతో ఇంతంతసేపు పశ్చాత్తాపపడే తాహతు ఒక ప్రభుత్వోద్యోగికి ఎక్కడి నుంచి వచ్చిందో ఏ అధికారీ విచారించలేదు. పోనివ్వండి.

ఇంటి విషయం మాత్రం పోనివ్వలేను. ఇరవై ఏళ్లలో ఈ ఊళ్లో ఆరు ఇళ్లు మారినవాణ్ని. ఆ ఒక్క వాక్యం వెనక జరిగి తీరవలసినదాన్ని రచయిత తరఫున నేను పూరిస్తాను. దేశ భద్రతకు సంబంధించిన సంగతి కాబట్టి పారితోషికం అడగను.

గూఢచారి మారుపేరు విక్రమ్ రావు. ఈ మారుపేరుకు ఒక గతాన్ని అల్లడానికి దిల్లీలోని విభాగానికి ఎనిమిది నెలలు పట్టిందని నవలలోనే ఉంది. డిగ్రీ పట్టా, బ్యాంకు ఖాతా, దండ వేసిన తండ్రి ఫొటో, అన్నీ సిద్ధం. సొంతూరు గుంటూరు. ఇక అతను గంట కొడతాడు. తలుపు తీసేది ఇంటావిడ. మూడు తరాల కిందట చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పండుగ దగ్గరకొచ్చే రోజులు కాబట్టి ఒళ్లో పళ్లెం పెట్టుకుని అనపకాయలు ఒలుస్తూ ఉంటుంది. బొటనవేలి గోరుతో కాయ వెన్ను చీల్చి, గింజలు ఇటు, తొక్క అటు. తల ఎత్తదు.

"పేరు?"

"విక్రమ్ రావు."

"రావు అంటే ఏ రావు?"

ఇక్కడ కొంచెం ఆగాలి. కులం అడగకూడదని ఆవిడకు తెలుసు. అందుకే అడగలేదు. రావు అంటే ఏ రావు అని మాత్రమే అడిగింది. ఈ ప్రశ్నకు సమాధానం విభాగం నేర్పలేదు. దిల్లీవాళ్ల లెక్కలో రావు అన్నదే ఇంటిపేరు, అక్కడితో సరి.

"మాధ్వులా, నియోగులా, వెలమలా?"

నియోగులంటే పొరుగు దేశపు గూఢచారి సంస్థ కాబోలుననుకుని అతను కోటు లోపల తుపాకీ తడుముకుంటాడు. ఆవిడ మరో కాయ తీసుకుంటుంది.

"ఏ ఊరు?"

"గుంటూరు. బ్రాడీపేట."

"బ్రాడీపేటలో ఎంత బై ఎంత?"

బ్రాడీపేటలో లైన్లకూ అడ్డరోడ్లకూ పేర్లుండవు, అంకెలే. నాలుగు బై పద్నాలుగు అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అక్కడ రెండు రోజులున్న కుర్రవాడికైనా ఇది తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రాలు చూసి ఊరు నేర్చుకున్నవాడికి తెలియదు. అతను చెప్పిన ఇంటి నంబరు విని ఆవిడ మొదటిసారి తల ఎత్తి చూస్తుంది. పళ్లెంలో గింజల కన్నా తొక్కలు ఎక్కువవుతున్నాయి.

"పెళ్లయిందా?"

"లేదు."

"ఎందుకు కాలేదు?"

నవల ప్రకారం ఈ మనిషిని మంచుగదిలో మూడు రోజులు తలకిందులుగా వేలాడదీసినా పెదవి విప్పలేదు. ఇక్కడ నోరు దానంతటదే తెరుచుకుంటుంది. "కుదరలేదండీ."

"పెళ్లికానివాళ్లకు ఇవ్వం బాబూ."

"కుదిరిందండీ. ఇప్పుడే కుదిరింది. నెల్లూరు అమ్మాయి. వచ్చే నెలలోనే."

"వచ్చే నెల పుష్యమాసం. శూన్యమాసంలో ముహూర్తం పెట్టిన ఆ పంతులెవరు?"

ఎనిమిది నెలల కష్టం నాలుగు నిమిషాల్లో ముగిసిపోతుంది. ఆవిడ పళ్లెం పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోను అందుకుంటుంది. గుంటూరులో వదిన, నెల్లూరులో పిన్ని, హైదరాబాదులో అన్నయ్య కొడుకు. ఒకరికి చేసినట్టు మరొకరికి చెప్పదు. పన్నెండు నిమిషాల్లో ముగ్గురూ ఒకే మాట చెబుతారు: ఆ వీధిలో అలాంటి రావులు లేరు, ఆ ఊళ్లో అలాంటి పెళ్లి లేదు.

ఒకవేళ ఆవిడ జాలిపడి ఇల్లిచ్చిందనే అనుకుందాం. పది నెలల అడ్వాన్సు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె కోత. గోడకు మేకు కొట్టకూడదు. రాత్రి పదిన్నరకు గేటుకు తాళం. ఇతని ఉద్యోగమేమో రాత్రి పదకొండుకు మొదలవుతుంది. శత్రుదేశపు సైనిక స్థావరంలో ఏడు తలుపులు తెరిచినవాడు, తెల్లవారుజామున రెండింటికి ఆ గేటు ముందు నిలబడి, మేడ కిటికీ వైపు చూస్తూ, వీధిలో మరెవరికీ వినపడని గొంతుతో "ఆంటీ" అని పిలవవలసి వస్తుంది. ఈ దృశ్యం రాయగలిగిన రచయిత దొరికితే నేను 480 పేజీలూ నిలబడి చదువుతాను.

నవ్వులాట అనుకోకండి. ఆ ఇంటావిడ చేసింది శాస్త్రం. మన పక్కనే ఉన్న మైసూరులో 1905లో ఒక తాళపత్ర ప్రతి బయటపడితే, 1909లో ఆర్. శామశాస్త్రి దాన్ని అచ్చు వేయించారు. అదే అర్థశాస్త్రం. అందులో మొదటి అధికరణంలోనే కౌటిల్యుడు గూఢచారులను రకరకాలుగా విడదీసి, ఎవరు ఏ వేషంలో ఉండాలో చెప్పాడు. నాకు అందరికన్నా నచ్చేవాడు తాపసుడు. ఊరి శివార్లలో శిష్యులతో దిగి, నెలకో రెండు నెలలకో ఒకసారి గుప్పెడు ఆకుకూర మాత్రమే తింటున్నట్టు అందరికీ కనిపిస్తాడు, చాటున ఇష్టమైనవన్నీ తింటాడు. కారు లేదు, షవరు లేదు, పరుగు అంతకన్నా లేదు. కూర్చున్న చోటికే ఊరి రహస్యాలు నడిచి వస్తాయి. ఇవాళ కూడా ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరు చేయగలరు? ఆ వెంటనే ఆయన ఒక నియమం పెట్టాడు. ఒకరినొకరు ఎరగని ముగ్గురు వేగుల మాట ఒకటైతేనే నమ్మాలి. పదేపదే తప్పు చెప్పేవాడిని గుట్టుగా శిక్షించాలి, లేదా పనిలోంచి తీసేయాలి.

వదిన, పిన్ని, అన్నయ్య కొడుకు. ముగ్గురు. ఆవిడ కౌటిల్యుణ్ని చదివి ఉండదు.

ఈ ఉత్సాహంలోనే 306వ పేజీ దాకా లాక్కొచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఆ పేజీలో మన విక్రమ్ రావు ఒక శాస్త్రవేత్తను కుర్చీకి కట్టేస్తాడు. ఆధారం ఏమిటంటే ఆ పెద్దమనిషి డైరీలో ఒక విదేశీ మహిళ ఫోన్ నంబరుంది. రెండు చెంపదెబ్బలు. మూడోది పడకముందే శాస్త్రవేత్త నేరం మొత్తం ఒప్పుకుంటాడు. అధ్యాయం సమాప్తం.

గూఢచారి నవలలు నాకు పడవని మొదట్లో అన్నాను. అబద్ధం. ఒకటి నచ్చింది. 1994 చివర్లో అది రోజూ పొద్దున్నే వార్తాపత్రికలో వచ్చేది. నేను బ్రాడీపేటలో గది తీసుకుని డిగ్రీ చదువుకుంటున్న రోజులు. అందులో మాల్దీవుల వనితలున్నారు, ఇస్రో శాస్త్రవేత్తలున్నారు, రాకెట్ రహస్యాలున్నాయి. టీకొట్టు దగ్గర పత్రిక కోసం కొట్టుకునేవాళ్లం. ఆ శాస్త్రవేత్తల్లో ఒకరైన నంబి నారాయణన్‌ను అరెస్టు చేశారన్న వార్తను నేను నలుగురికి చదివి వినిపించాను. గొంతు పెంచి, కావలసిన చోట ఆగుతూ, నటిస్తూ.

ఏమి అమ్మారని కేసు? క్రయోజనిక్ ఇంజను, అంటే అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజను సాంకేతికత. అది మన దగ్గర ఉంటే కదా అమ్మడానికి! 1991లో అప్పటి సోవియట్ యూనియన్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో దానికోసం ఒప్పందం చేసుకున్నాం. అమెరికా ఒత్తిడికి 1993లో ఆ సాంకేతికతను ఇవ్వలేమని రష్యా వెనక్కి తగ్గింది. మన సొంత క్రయోజనిక్ దశతో రాకెట్ విజయవంతంగా ఎగిరింది 2014 జనవరి 5న. ఇంట్లో లేని నగను దొంగిలించారన్న కేసు అది. టీకొట్టు దగ్గర ఒక్కడు అడిగాడా? నేను అడిగానా? నలుగురికి చదివి వినిపించిన గొంతుకు ఒక్క ప్రశ్న రాలేదు.

ఆ వనితల్లో ఒకామె, సూరత్‌లో ప్లేగు వచ్చి విమానాలు ఆగిపోతే తిరిగి వెళ్లలేక వీసా గడువు దాటిన మనిషి. ఇంకొకామె తన కూతుర్ని బెంగళూరు బడిలో చేర్చాలని సాయం అడిగిన తల్లి. ఆ సీటు వ్యవహారంలో మాట సాయం చేసినందుకు ఇరుక్కున్నవాళ్లు ఈ ఊరివాళ్లు, గ్లావ్‌కాస్మోస్ ప్రతినిధి చంద్రశేఖర్, వ్యాపారి ఎస్.కె. శర్మ. పిల్లకు బడిలో సీటు! ఈ నగరంలో ఎవరో ఒకరి పిల్లకు సీటు అడగని మనిషి ఒక్కడుంటే చూపించండి. నేను నలుగురి పిల్లలకు అడిగాను. దేశద్రోహమా అది? నంబి నారాయణన్ యాభై రోజులు నిర్బంధంలో ఉన్నారు. విచారణలో తనను కొట్టారని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. రెండు చెంపదెబ్బలకు నిజం రాలుతుందని రాసే రచయితలు ఒకసారి ఆయన చెప్పినది వినవచ్చు. ఆ ఇద్దరు ఆడవాళ్లూ మూడేళ్లకు పైగా జైల్లో మగ్గారు. 1996లోనే ఆరోపణలు నిలబడవని సీబీఐ తేల్చింది. 1998లో సుప్రీంకోర్టు అదే మాట అంది. నంబి నారాయణన్‌కు పరిహారంగా యాభై లక్షలు ఇవ్వాలని అదే కోర్టు చెప్పింది 2018 సెప్టెంబరు 14న. ఇరవై నాలుగేళ్లకు. ఆ రోజు చంద్రశేఖర్ బెంగళూరు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నారు, తీర్పు వినకుండానే రెండు రోజులకు పోయారు. నవంబరులో శర్మ పోయారు. కేసు అల్లిన అధికారుల పాత్రను తేల్చమని సుప్రీంకోర్టు సీబీఐకి చెప్పింది 2021లో. పదేపదే తప్పు చెప్పే వేగును తీసేయమన్నాడు కౌటిల్యుడు. మనం ఇరవై ఏడేళ్లు ఆలోచించాం.

ఒక్క ఇంటావిడ, ఒళ్లో అనపకాయల పళ్లెంతో, మూడు ఫోన్లు చేసి ఉంటే చాలు ఆ రోజు. చేయలేదు. ఒకే అబద్ధాన్ని లక్షమంది నోళ్లతో పలికించారు. అందులో ఒక నోరు నాది.

నిన్న బావమరిది ఫోన్ చేశాడు. పుస్తకం అయిందా అన్నాడు. 306వ పేజీ దగ్గర ఆగానని చెప్పాను.

"అయ్యో, సరిగ్గా మంచి చోట ఆపేశారే! ఆ శాస్త్రవేత్త నిర్దోషి బావగారూ. అసలు మలుపు అదే."

"ఎన్నో పేజీలో తెలుస్తుంది?"

"471లో అనుకుంటాను."

"తరువాత అతని సంగతి ఏమవుతుంది?"

బావమరిది కాసేపు గుర్తు చేసుకున్నాడు. "అది రాయలేదు" అన్నాడు. "కథకు దానితో పనిలేదు కదా."