సాలీడు సంతకం ఎక్కడ తేను?

మహారాజశ్రీ ఘనా దేశపు 690వ నంబరు కాపీరైట్ చట్టం గారి దివ్య సముఖమునకు,

ఘనా రేవుపట్నం టెమా నుంచి మీ విధేయుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. తమరు 2005లో పుట్టారు కాబట్టి మంచీచెడూ తెలిసే వయసు వచ్చిందనే ధైర్యంతో రాస్తున్నాను.

మొన్న శుక్రవారం మధ్యాహ్నమంతా రాజధాని అక్రాలో ఒక ఆఫీసు బెంచీ మీదే గడిచిపోయింది. నేనేమీ గనులు, తోటలు రాసివ్వమనలేదు. ఇక్కడి జానపద కథల్లోని జిత్తులమారి సాలీడు అనాన్సె కథ ఒకటి తెలుగు పిల్లల పత్రికకి రాసుకుంటాను, అనుమతివ్వండి అన్నాను, అంతే. గుమాస్తా మర్యాదస్తుడు. "మై బ్రదర్" అని కూర్చోబెట్టి ఫారం చేతికిచ్చాడు. అందులో ఒక గడి: మూల రచయిత పేరు, సంతకం.

"రచయిత సాలీడండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అయితే ఆఫీసరుగారు చూడాలి" అన్నాడు. ఆఫీసరుగారేమో అంత్యక్రియలకని కుమాసీ వెళ్ళారట. సోమవారం వస్తారట, కాదంటే మంగళవారమట.

ఖాళీగా కూర్చుని తమ నాలుగో సెక్షన్ చదివాను. ఘనా జానపదాన్ని అచ్చువేయాలన్నా, జనం ముందు ప్రదర్శించాలన్నా, అనువదించాలన్నా దాని మీద హక్కులన్నీ ప్రజల తరఫున ప్రెసిడెంటు గారివట. అవీ ఎన్నాళ్ళు? పుస్తకం రాసినవాడికి చచ్చాక డెబ్బై ఏళ్ళే ఇచ్చారు. ప్రెసిడెంటు గారికి మాత్రం ఆచంద్రతారార్కం. అనుమతి లేకుండా జానపదం కాపీలు అమ్మితే మూడేళ్ళ దాకా జైలు కూడానట. ఇంట్లో మనవళ్ళకి చెప్పుకోవచ్చులెండి, అంత దయ ఉంది.

అయ్యా, ఆ కథ తమరు విన్నారా? కథలన్నీ ఒకప్పుడు ఆకాశదేవుడు న్యామె దగ్గర ఉండేవి. కొంటానని అనాన్సె వెళ్ళాడు. న్యామె ధర చెప్పాడు: ఒక కొండచిలువ, ఒక చిరుత, కందిరీగలు, ఒక అడవి దయ్యం. సాలీడు బేరమాడలేదు. ఒక తాటికమ్మ, కొంత తీగ పట్టుకుని కొండచిలువ దగ్గరికి వెళ్ళి "నువ్వు పొడుగా, ఈ కమ్మ పొడుగా అని మా ఆవిడకీ నాకూ ఒకటే గొడవ" అన్నాడు. పాపం అది కమ్మ పక్కన ఒళ్ళు సాచి పడుకుంది. తోక నుంచి తల దాకా కట్టిపారేశాడు. మిగతావాటినీ అలాగే పట్టి అప్పజెప్పాడు. ఆ రోజు నుంచి కథలన్నీ అనాన్సె కథలే. అంటే పూర్తి సొమ్ము చెల్లించి కథలు కొన్నది సాలీడొక్కడే. తమరొచ్చి అతని ఆస్తిని ఇంకొకరి పేర రిజిస్టర్ చేశారు. ఆ ఇంకొకరు ఏ పామును పట్టారు స్వామీ?

తమ పుట్టుకకి కారణం లేకపోలేదు, ఒప్పుకుంటాను. 1990లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ ఇక్కడి 'యా అంపొన్సా' అనే పాత పాట బాణీ వాడుకుని, దానికి డబ్బు కట్టాడు. ఆ కదలికలోంచే జానపదానికో బోర్డు వచ్చింది. బయటివాడు ఊరికే ఎత్తుకుపోతాడన్న భయం న్యాయమైనదే. మా ఇండియా 1957 కాపీరైట్ చట్టంలో జానపదానికి చోటే లేదు. శ్రీకాకుళంలో ముసలమ్మ పాడిన పాట సినిమాకెక్కితే 'జానపదం' అని వేసి చేతులు దులుపుకుంటారు. ఆ లెక్కన తమరంటే నాకు గౌరవమే. కానీ ఆ బాణీ మీదే పెరిగి, హైలైఫ్ అనే ఇక్కడి సంగీతం వాయించుకునే కుర్రాడు కూడా అనుమతి అడిగి రుసుము కట్టాలా? వాళ్ళ తాత పాటకి వాడు అద్దె కట్టాలా?

పైగా జానపదంలో కెంటె నేతబట్టల డిజైన్లను, అడింక్రా అచ్చుగుర్తుల డిజైన్లను పేరు పెట్టి మరీ చేర్చారు. భేష్. మొన్న శుక్రవారమన్నాను కదా, ఇక్కడ అందరూ ఆఫ్రికన్ బట్టలు వేసుకునే రోజు. గుమాస్తా కూడా కెంటె చొక్కాయే వేసుకున్నాడు. ఫారం అందిస్తుంటే మడిచిన చొక్కా చేతి గుడ్డ లోపలివైపు కనిపించింది. రంగు లేదు, వెలిసినట్టు తెల్లగా ఉంది. అచ్చమైన కెంటె అయితే సన్నటి పట్టీలుగా నేసి ఒకదానికొకటి కుడతారు, అతుకు చేతికి తగులుతుంది, లోపలివైపూ రంగు ఉంటుంది. ఇది చైనా ప్రింటు. మకోలా మార్కెట్లో ఇలాంటివి గుట్టలు. మా టెమా రేవులోనే కంటెయినర్లలో దిగుతాయి. వాటిని ఏ బెంచీ మీద కూర్చోబెట్టావు? ఏ ఫారం నింపమన్నావు? అడిగినవాడికి గుమాస్తాని చూపిస్తావు, అడగనివాడికి రేవు తెరుస్తావు. సిగ్గుందా నీకు?

ఈ కథ నాకు చెప్పింది మా ఇంటి ఓనరు తల్లి. కరెంటు పోతే చాలు, మెట్ల మీద పిల్లల్ని పోగేస్తుంది. పామును కట్టే దగ్గరికొచ్చేసరికి తన పైబట్ట అంచుని ముడులు వేస్తూ చెబుతుంది. ఉత్తచేతులతో తిరిగొచ్చి ఆవిడతో అన్నాను, అనుమతి కావాలటమ్మా అని.

"ఎవరిది?"

"ప్రెసిడెంటుది."

"ఆయనకి ఈ కథ వచ్చా?"

దీనికి నీ దగ్గర ఏ సెక్షన్ ఉందో చూసి పెట్టు. మంగళవారం మళ్ళీ వస్తున్నాను. రుసుమెంతో చెప్పు, కడతాను. అందులో ఆవిడ వాటా ఎంతో రసీదు మీద రాసివ్వు. నోటిమాటగా చెబితే ఒప్పుకోను.

ఇట్లు,
తమ అనుమతి కోసం ఎదురుచూస్తున్న ఒక తెలుగువాడు