సవరణ: రామకృష్ణ పరమహంస, హోమియోపతి

హోమియోపతిని ఆదరించిన ప్రముఖుల గురించి పెట్టిన పోస్టులో రామకృష్ణ పరమహంసను కూడా ‘సమర్థకుల’ జాబితాలో చేర్చాను. అది తప్పు. ఆయన రోగి మాత్రమే. 1885లో గొంతు క్యాన్సర్‌తో కలకత్తా శ్యాంపుకూర్‌లో ఉన్నప్పుడు డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ హోమియో మందులిచ్చారు. జబ్బు నయం కాలేదు. 1886 ఆగస్టులో కాశీపూర్‌లో కన్నుమూశారు. శిష్యులు రాసిపెట్టుకున్న సంభాషణలు, జీవిత చరిత్రలు చూస్తే ఇది తేటతెల్లం.

అసలు సమర్థకుడు సర్కారే. ఆయన మొదటి నుంచీ హోమియో వైద్యుడన్నది పోస్టులోని రెండో పొరపాటు. 1863లో ఎం.డి. పట్టా పుచ్చుకుని, వైద్య సంఘం సభలో హోమియోపతిని దుయ్యబట్టిన మనిషాయన. ఒక హోమియో పుస్తకాన్ని చీల్చి చెండాడదామని సమీక్షకు కూర్చుని, ముందు ఫలితాలు కళ్లారా చూడాలని హోమియో వైద్యం చేసే రాజేంద్రలాల్ దత్తా రోగుల దగ్గరికి వెళ్లారు. అక్కడ మనసు మారింది. 1867 ఫిబ్రవరిలో అదే సంఘం వేదిక మీద ఆ మాట చెప్పేసరికి తోటి డాక్టర్లు వెలివేశారు, ప్రాక్టీసు పడిపోయింది.

మంగళూరు క్రైస్తవ మతగురువు ఫాదర్ ముల్లర్, హోమియోపతిని కనిపెట్టిన హానిమన్‌కు శిష్యుడని రాసిందీ కొట్టేయండి. హానిమన్ 1843లో పోయేనాటికి ముల్లర్‌కు రెండేళ్లు. మంగళూరు కంకనాడిలో 1880లో ఆయన హోమియో దవాఖానా తెరిచిన మాట మాత్రం నిజం.

‘ఇంతమంది పెద్దలు నమ్మారంటే పనిచేస్తుందనేగా?’ అని కొందరు అడిగారు. నేను రాసింది ఎవరు ఆదరించారన్నదే, పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. హోమియో మందుల మీద ఉండే 30సీ అంటే ఒకటికి వంద చొప్పున ముప్పైసార్లు పలచన చేయడం. 12సీ దాటితేనే మూల పదార్థం అణువు మిగలడం కష్టం.