మూత లేని భరిణె తిరిగొచ్చింది

ఇప్పుడే పార్సిల్ విప్పాను. కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులు పడితే ఏమీ అనుకోకండి. ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో అమ్మి, పదకొండు రోజుల కిందట బెంగళూరు పంపిన కుంకుమ భరిణెల సెట్టు వెనక్కి వచ్చింది. పెద్దది, మధ్యది, చిన్నది, మొత్తం మూడు. మధ్యదానికి మూత లేదు. అట్టపెట్టె బోర్లించాను, లోపల కుక్కిన కాగితం ఉండలన్నీ ఒక్కొక్కటీ విప్పి చూశాను, ఎక్కడా లేదు. వెనక్కి పంపిన కారణం దగ్గర మాత్రం "ఫోటోలో ఉన్నట్టు లేదు, రంగు అంతటా ఒకేలా లేదు" అని రాసుంది.

రంగు అంతటా ఒకేలా ఎందుకుంటుందండీ? మాది ఏటికొప్పాక, లక్క బొమ్మల ఊరు. ఆరిన అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ ఉలితో చెక్కుతారు మా నాన్న. ఆ తిరిగే కర్రకే లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది, ఆ మీదట మొగలి ఆకుతో అదిమి రుద్దితే మెరుపు తేలుతుంది. లక్కలో కలిపే పసుపు నిజం పసుపే, నీలం నీలిమందు, నారింజ జాఫ్రా గింజలది. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి బిగిస్తే రంగు చిక్కబడుతుంది, వదిలితే పలచబడుతుంది. భరిణెను వెలుతురులో పట్టుకుని నెమ్మదిగా తిప్పి చూడండి, ఆ చిక్కదనం, పలచదనం చుట్టూ సన్నటి చారల్లా కనిపిస్తాయి. మనిషి చేశాడని చెప్పేవి ఆ చారలే. వాటిని చూసే కదా "హ్యాండ్‌మేడ్" అని వెతికి మరీ కొంటారు? అవే ఉన్నాయని వెనక్కి పంపుతారా?

540 రూపాయల సెట్టు అది. కొన్నావిడ డబ్బు ఆవిడకు వెళ్లిపోయింది, సరే. రానుపోను కొరియరు ఖర్చు నా ఖాతాలోంచి 212 కోశారు. మూత పోయిందని ఫోటోలు పెట్టి క్లెయిమ్ వేస్తే పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో కావాలన్నారు. ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ప్రతి పార్సిలూ విప్పాలని నాకేం తెలుసు? నాలుగు నిమిషాల్లో "మీ ఫిర్యాదు పరిశీలించి ముగించాం" అని మెసేజ్. పరిశీలించింది మనిషో మిషనో కూడా తెలియదు.

అసలు ఆ యాప్‌లో షాపు తెరవడానికి నేను పడ్డ పాట్లు మీలో కొంతమందికి తెలుసు. నెలన్నర. మొదటి పేజీలోనే బ్రాండు పేరు చెప్పమంటుంది. మా నాన్న పేరు రాస్తే బ్రాండు అనుమతి పత్రం జతచేయమంది. తాను చేసిన వస్తువు తానే అమ్ముకుంటానని మా నాన్న ఎవరి దగ్గర అనుమతి తెచ్చుకోవాలి? బార్‌కోడ్ ఏదంది. ఫ్యాక్టరీ చిరునామా ఏదంది. మా వెనకింటి పెంకుల వసారా చిరునామా ఇచ్చాను, అదే మా ఫ్యాక్టరీ.

తర్వాత బొంగరాలు, గిలక్కాయలు పెట్టాను. ఐఎస్ఐ సర్టిఫికెట్ లేదని ఆపేశారు. ఇది మాత్రం నేను మర్చిపోలేను. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు, నిజమే. కానీ అది అమల్లోకి రాకముందే, 2020 డిసెంబరులోనే, కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) ఉన్న బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. మా నాన్నకు ఆ విభాగం ఇచ్చిన కార్డు ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే జీఐ వచ్చింది. కార్డు స్కాన్ చేసి పంపాను, ఉత్తర్వు కాపీ కూడా జతచేశాను. మూడుసార్లు పంపాను. మూడుసార్లూ ఒకటే జవాబు, "సరైన పత్రం జతచేయండి". 2025 రిపబ్లిక్ డే నాడు మన రాష్ట్ర శకటం మీద మా బొమ్మలే ఢిల్లీలో ఊరేగాయి. మూడో బహుమతి కూడా వచ్చింది. టీవీ ముందు కూర్చుని అమ్మ కళ్లు తుడుచుకుంది. అంతమంది ముందు ఊరేగిన బొమ్మను ఆన్‌లైన్‌లో పెట్టుకోవడానికి మాకు పత్రం చాలదట.

జీఎస్టీ సంగతి కూడా చెప్పనివ్వండి. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్నవాళ్లకు నంబరు లేకపోయినా ఆన్‌లైన్‌లో అమ్మే వీలు 2023 అక్టోబరు నుంచి ఇచ్చారు. మంచిదే. కానీ మా దగ్గర కొనేవాళ్లెవరు? సగం మంది హైదరాబాదు. 2014 నుంచి అది మాకు వేరే రాష్ట్రం. అక్కడ మా పిన్ని పక్కింటావిడకు ఆ షాపులోంచి ఒక్క భరిణె వెళ్లాలన్నా జీఎస్టీ నంబరు ఉండాల్సిందే. తీసుకున్నాను. అమ్మకం లేకపోయినా జీఎస్టీ రిటర్న్ వెయ్యాలి, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, వేసిపెట్టే ఆయనకు ఫీజు వేరే.

కొరియరు బరువు ఇంకో ఘోరం. సెట్టు మొత్తం తూచితే 300 గ్రాములు. లక్క పెచ్చు లేవకూడదని చుట్టూ కాగితం కుక్కి కాస్త పెద్ద పెట్టెలో పెడతాను. పొడవు 25, వెడల్పు 20, ఎత్తు 15 సెంటీమీటర్లు. తూకం కాదు, పెట్టె కొలతనే బరువుగా లెక్కేస్తారు. మూడూ గుణించి 5000తో భాగిస్తారు, కిలోన్నర అవుతుంది. కాగితానికీ గాలికీ కలిపి కిలోన్నర డబ్బు కడుతున్నాను. చిన్న పెట్టె వాడితే పగులుతుంది, పగిలితే వెనక్కి, మళ్లీ నా ఖాతాలోంచే కోత.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకోటుంది. పోయిన నెల అదే యాప్‌లో కుంకుమ భరిణెలని వెతికితే నా ఫోటో కనిపించింది, వేరే షాపులో. నేను తీసిన ఫోటోయే. కింద మూలన అమ్మ చీర ఆకుపచ్చ అంచు కూడా ఉంది, తీసేటప్పుడు కత్తిరించడం మర్చిపోయాను. "ఏటికొప్పాక ఒరిజినల్" అని రాసి 149 రూపాయలకు అమ్ముతున్నారు. తెప్పించి చూస్తే ఎనామిల్ రంగు పూసిన డబ్బా, మూత తీస్తే పెయింటు వాసన. కుంకుమ పెట్టుకునే దాంట్లో పెయింటు వాసనేంటండీ! ఫిర్యాదు చేస్తే ఆ ఫోటో నాదేనని రుజువు చూపించమన్నారు. మా అమ్మ చీర తీసుకెళ్లి చూపించనా? నా దగ్గర అడిగిన పత్రాల్లో సగమైనా వాళ్లను అడిగి ఉంటారా?

అయినా ఒక్క యాప్‌ను అని ఏం లాభం. నాకు ఎప్పటి నుంచో ఉన్న మంట మన మీదే. అవును, మన మీదే. ఆన్‌లైన్ లేని రోజుల్లో నాన్నతో పాటు విశాఖ ఎగ్జిబిషన్లకు వెళ్లేదాన్ని. అప్పుడు నాకు పదిహేనేళ్లుంటాయి. ఒకావిడ పెళ్లికి తిరుగు కానుకలని 100 భరిణెలు అడిగింది. నాన్న ఒక్కోటి 120 రూపాయలు చెప్పారు. "ఏముందండీ ఇందులో, కర్రే కదా, నలభైకి ఇవ్వండి" అంది. చేతికి రెండు వరసల బంగారు గాజులు. నాన్న 90కి దిగారు, 80కి దిగారు. నేను పక్కనే నిలబడి వింటున్నాను. ఆవిడ నోరు చప్పరించి వెళ్లిపోయి, ఎదుటి స్టాల్లో ప్లాస్టిక్ డబ్బాలు బేరమాడకుండా కొంది. ఆ రాత్రి బస్సులో నాన్న ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒళ్లో ఉన్న సంచిలో బొమ్మలు ఒకదానికొకటి తగులుతూ చప్పుడు చేస్తుంటే చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

ఆ "కర్రే కదా" అన్న మాట నాకు ఇప్పటికీ రోజూ ఏదో ఒక రూపంలో వినిపిస్తూనే ఉంది. రివ్యూల్లో "చిన్న చెక్క డబ్బాకు ఇంత రేటా" అంటారు. చుట్టాలు "మీ ఇంట్లో చేసేవే కదా, మా సంక్రాంతి కొలువుకు ఓ పది పంపు" అంటారు. మీ ఇంట్లో బియ్యం ఉన్నాయి కదా అని మేమెప్పుడైనా సంచి పట్టుకుని వచ్చామా?

ఇందాక ఆ మధ్య భరిణె నాన్న చేతిలో పెట్టాను. బొటనవేలు అంచు చుట్టూ ఒకసారి తిప్పి చూసి, పక్కన పెట్టి పనిలోకి వెళ్లిపోయారు. వేరే మూత చేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. డబ్బా, మూత ఒకే కర్రముక్కలోంచి తీసి, ఒకదానికి ఒకటి సరిపోయేలా అరగదీస్తారు. ఆ రంగు లక్క కూడా అయిపోయింది.

బెంగళూరులో ఆ సెట్టు కొన్న అమ్మా, ఈ పోస్టు ఎలాగైనా మీ దాకా వస్తే ఒక్కసారి మంచం కిందా, సోఫా సందుల్లో చూడండి. ఆ మూత మీ ఇంట్లో ఏ డబ్బాకూ పట్టదు. రిటర్న్ చిరునామా మీ యాప్‌లోనే ఉంటుంది, మామూలు పోస్టులో పంపినా చాలు. ఖర్చు నేను పెట్టుకుంటాను.