ఇన్‌కాగ్నిటో ముసుగు, తాళం గుర్తు: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

కుటుంబ గ్రూపుల్లోనూ కాలనీ గ్రూపుల్లోనూ తిరుగుతున్న ఒక సందేశం బ్రౌజర్ వాడకం గురించి నాలుగు మాటలు చెబుతోంది: ఇన్‌కాగ్నిటో (హిస్టరీని దాచుకోని ప్రైవేటు) ట్యాబ్‌లో ఏం చూసినా ఎవరికీ తెలియదు, తెరిచి ఉంచిన ట్యాబ్‌లు ఫోన్‌ను తినేస్తాయి కనుక రోజూ రాత్రి అన్నీ మూసేయాలి, బ్రౌజర్లన్నీ ఒకటే కనుక ఫోన్‌తో వచ్చినది చాలు, అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే ఆ సైటు అసలైనదే. వీటిలో మొదటిదీ చివరిదీ నమ్మినవారికి నేరుగా నష్టం కలిగించగలవి.

ఇన్‌కాగ్నిటో చేసే పని చాలా పరిమితమైనది. ఆ ట్యాబ్‌లన్నీ మూసిన తరువాత హిస్టరీ, కుకీలు (మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు), ఫారాల్లో నింపిన వివరాలు ఆ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మిగలకుండా చూస్తుంది, అంతే. నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసులోనో కాలేజీలోనో వైఫై నడిపేవారికి మీరు ఏ సైటుకు వెళ్లారో మామూలు ట్యాబ్‌లో తెలిసినట్టే ఇక్కడా తెలుస్తుంది. సైటుకు మీ ఐపీ అడ్రసు, అంటే మీ నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య, కనిపిస్తూనే ఉంటుంది. లాగిన్ అయితే ఇక దాచడానికి ఏమీ ఉండదు. ఇన్‌కాగ్నిటోలో ఉన్నవారి వివరాలను కూడా సేకరించారన్న ఆరోపణతో 2020లో అమెరికాలో గూగుల్ మీద దావా పడగా, 2024లో కుదిరిన రాజీలో ఆ సంస్థ వందల కోట్ల రికార్డులను చెరిపివేయడానికి ఒప్పుకున్నది.

అయితే అది పనికిరానిదని కాదు. అది నిజంగా అక్కరకొచ్చే చోటు నెట్ సెంటర్. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి వెళ్లిన విద్యార్థి ఇన్‌కాగ్నిటోలో లాగిన్ అయితే పాస్‌వర్డ్ ఆ కంప్యూటర్‌లో ఉండిపోదు. కానీ అక్కడా రెండు మెలికలున్నాయి. ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లన్నీ ఒకే లాగిన్‌ను పంచుకుంటాయి కనుక, లాగవుట్ చేయకుండా ఆప్షన్ల పేజీ ఉన్న ట్యాబ్ ఒక్కటే మూసి, పక్కన మరో ఇన్‌కాగ్నిటో ట్యాబ్ వదిలేస్తే, తరువాత కూర్చున్నవారు అదే ఖాతాలోకి వెళ్లగలరు. రెండవది, దించుకున్న ర్యాంకు కార్డు పీడీఎఫ్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది; దాన్ని చేత్తో తొలగించవలసిందే.

ట్యాబ్‌ల మాట త్వరగా ముగించవచ్చు. ఆండ్రాయిడ్‌లో చాలాసేపు ముట్టని ట్యాబ్‌లను మెమరీ అవసరమైనప్పుడు ఫోనే పక్కకు తప్పిస్తుంది. మళ్లీ తాకినప్పుడు పేజీ కొత్తగా లోడ్ కావడం అందుకే. కంప్యూటర్‌లో ట్యాబ్‌లు మెమరీని వాడుకోవడం నిజమే కానీ, వాడని ట్యాబ్‌లను మెమరీ నుంచి తప్పించే మెమరీ సేవర్ క్రోమ్‌లో 2022 చివరి నుంచి ఉంది, ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో కూడా అటువంటి ఏర్పాట్లున్నాయి. రోజూ అన్నీ మూసేసేవారు రేపు కావలసిన పేజీని కూడా మూసేసి, మళ్లీ వెతుక్కుంటారు. ట్యాబ్‌లు వంద చేరితే ఫోన్‌లోని క్రోమ్ అంకె చూపడం మాని నవ్వుమొహం పెడుతుంది. అది హెచ్చరిక కాదు, చమత్కారం.

బ్రౌజర్లన్నీ ఒకటేనన్న మాటలో సగం నిజముంది. క్రోమ్, ఒపెరా, బ్రేవ్, శాంసంగ్ ఇంటర్నెట్, 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా గూగుల్ నడిపే ఓపెన్ సోర్స్ బ్రౌజర్ కోడ్ అయిన క్రోమియం పునాది మీదే నడుస్తున్నాయి. మన దేశంలోని ఐఫోన్లలో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల ఉన్నది ఆపిల్ బ్రౌజర్ సఫారీ వాడే ఇంజిన్ వెబ్‌కిట్టే. తేడా అంతా సెట్టింగులలో ఉంది. సైటు నుంచి సైటుకు మనల్ని వెంబడించే థర్డ్ పార్టీ కుకీలను సఫారీ 2020 నుంచి పూర్తిగా అడ్డుకుంటున్నది. ఫైర్‌ఫాక్స్ 2019 నుంచే ట్రాకర్ల కుకీలను తనంతట తాను ఆపుతున్నది. థర్డ్ పార్టీ కుకీలను తీసేస్తామని 2020లో ప్రకటించిన గూగుల్, 2025 నాటికి ఆ ఆలోచననే క్రోమ్‌లో విరమించుకున్నది. ఆండ్రాయిడ్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వంటి ఎక్స్‌టెన్షన్‌తో (బ్రౌజర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రామ్‌తో) ప్రకటనలను ఆపవచ్చు, ఫోన్‌లోని క్రోమ్‌లో ఆ వీలు లేదు. ప్రకటనల మీద బతికే సంస్థ బ్రౌజర్‌లో ఈ తేడా కనిపించడం నాకు ఆశ్చర్యంగా తోచలేదు.

ఇక తాళం గుర్తు. మీకూ సైటుకూ మధ్య సాగే సమాచారం సంకేత రూపంలో ఉందని, దారిలో మరొకరు చదవలేరని మాత్రమే దాని అర్థం. కవరు గట్టిగా అంటించి ఉన్నంత మాత్రాన అది చేరేది పెద్దమనిషికేనన్న హామీ ఉండదు. తాళం గుర్తు రావడానికి సైటుకు కావలసిన డిజిటల్ సర్టిఫికెట్ ఇప్పుడు ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది కనుక దొంగ సైటు నడిపేవారు కూడా దాన్ని పెట్టుకుంటారు. జనం ఆ గుర్తును ఇలా అపార్థం చేసుకుంటున్నారనే గూగుల్ 2023 సెప్టెంబరులో క్రోమ్ నుంచి తాళాన్ని తొలగించి, సెట్టింగులను సూచించే మరో బొమ్మ పెట్టింది.

చూడవలసినది తాళాన్ని కాదు, అడ్రసును. బ్యాంకు సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లను కేటాయించేది హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ, అదీ బ్యాంకులకు మాత్రమే. కాబట్టి అడ్రసులో, మొదట https:// కనిపిస్తే దాన్ని వదిలేసి, ఆ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) సరిగ్గా ముందున్న భాగం ఆ రెండు ముక్కలతోనే ముగిసిందో లేదో చూడాలి. బ్యాంక్ డాట్ ఇన్ తరువాత మరో చుక్క, మరో పేరు వచ్చి ఆపైన గీత వస్తే, అది బ్యాంకు సైటు కాదు.