మహారాజశ్రీ గాడ్జిల్లా గారి సముఖమునకు

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ తమరు కుశలంగా ఉన్నచోట ఊరు కుశలంగా ఉండదు కనుక నేరుగా విషయానికే వస్తాం.

2015లో టోక్యోలోని షింజుకు వార్డువారు, జపాను సినిమాల్లో ఊళ్లు కూల్చే రాక్షసులైన తమరిని పర్యాటక రాయబారిగా నియమించారు. ఆ వార్డులోని కబుకిచో పేటలో హోటలు పక్కన తమరి తల ఒకటి పెట్టారు. ఊరు కూల్చినవాడికే ఊరి పదవి! అది కొత్తేమీ కాదు లెండి. మా బాధల్లా తమరి బరువు గురించి.

1954లో తమరి ఎత్తు 50 మీటర్లే. ఆ మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేలి, ఆ బూడిద జపాను చేపల పడవ మీద పడింది. నవంబరు 3న తమరు తెరమీదికొచ్చారు, ఒళ్లంతా కాలిన మచ్చల్లాంటి చర్మంతో. మనిషి లోపల దూరి తమరిగా నటించే తొలి తొడుగు వంద కిలోలు దాటింది. లోపలున్న హరువో నకజిమా నాలుగడుగులు వేసేసరికి చతికిలబడేవాడు. దాన్ని నడుం దగ్గర కోసి, కాళ్లు మాత్రమే కనబడే షాట్లకు వాడుకుని, తేలికైనది ఇంకోటి చేశారు.

తమరు తొక్కే ఊరు బొమ్మ ఊరే. ఇరవై అయిదో వంతు సైజు బొమ్మ ఇల్లు కూలడానికి అసలు ఇంటికి పట్టే సమయంలో అయిదో వంతే చాలు. 25కి వర్గమూలం 5 కదా! ఉన్నదున్నట్టు తీస్తే అగ్గిపెట్టె పడినట్టుంటుంది. అందుకే సెకనుకు ఎక్కువ ఫ్రేములు తీసి మామూలు వేగంతో వేస్తారు. కచ్చితంగా కావాలంటే సెకనుకు మామూలు 24 ఫ్రేములు కాదు, 120. ఫ్రేములు పెరిగితే లైట్లూ పెంచాలి, ఆ వేడికి లోపలి మనిషి ఉడికిపోవాలి. ఇంత చేసినా నీటి దగ్గర దొరికిపోతారు: పడవను చిన్నది చేయొచ్చు, నీటిబొట్టును చేయలేరు.

తమరి అరుపూ కష్టార్జితమే. డబుల్ బేస్ అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం తీగలు వదులు చేసి, జిగురు రాసిన తోలు చేతొడుగుతో లాగి, టేపు వేగం తగ్గించారు.

అంత పరువు సంపాదించి, 1965 సినిమాలో ఆ గంతులేమిటండీ? 1971లో నోటి మంట నేలకేసి చిమ్ముతూ వెనక్కి ఎగరడమేమిటి? ఆనక ఎత్తు 80 అయింది, 100 అయింది, 2016లో 118.5, యానిమేషన్‌లో ఏకంగా 300! కొలతలు టేపుతో పెరుగుతాయి, బరువు అలా రాదు.

2024లో తమరి సినిమా ‘గాడ్జిల్లా మైనస్ వన్’కు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది, అదీ చిన్న బృందంతో. అందులో తమరి ఎత్తు మళ్లీ 50 దగ్గరికే దిగింది. సంతోషం. కంప్యూటర్లో ఇళ్లు ఎన్నయినా కూల్చుకోండి, మాకు అభ్యంతరం లేదు. పాత బకాయిలు మాత్రం ఇప్పించగలరు.

ఇట్లు,
1/25 స్కేలు టోక్యో వాస్తవ్యులు