పాజిటివ్ థింకింగ్ గారికి ఒక నెగెటివ్ మనిషి రాయు లేఖ

మహారాజశ్రీ పాజిటివ్ థింకింగ్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తలుస్తాను. క్షేమంగా లేకపోయినా ఉన్నామనే అంటారు కాబట్టి మళ్ళీ అడగను.

మొన్న ఆదివారం తమరి పేరు మీద మా ఊరి కల్యాణ మండపంలో జరిగిన ఆరోగ్య శిబిరానికి 500 రూపాయలు కట్టి వచ్చాను. మా బావ పోరు పడలేక వచ్చాను. నేను అక్కడుండగా కొబ్బరి దింపువాళ్ళు ఇంటికొచ్చి, మనిషి లేడని వెళ్ళిపోయారు. మా కోనసీమలో ఒకసారి వెళ్ళిపోయిన దింపువాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో ఆలోచిస్తే తమరికి కూడా ఆశ చచ్చిపోతుంది.

శిబిరం మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. వైశాఖం ఎండ, తలుపులేసిన హాలు. స్టేజీ మీది గురువుగారు తొణకలేదు. "గోదావరి గట్టున కూర్చున్నామనుకోండి, చల్లగా ఉందనుకోండి" అన్నారు. అనుకున్నాం. జనరేటరు వేసేదాకా ఎవరికీ చల్లబడలేదు. తర్వాత "నేను ఆరోగ్యంగా ఉన్నాను" అని చేతులెత్తించి అరిపించారు. సగం మందికి షుగరున్న పంక్తిలో బూరెలు రెండేసి వడ్డించారు. ఇవన్నీ పెద్ద లెక్కలోవి కావు, సర్దుకుపోతాను.

సర్దుకోలేనిది ఒకటుంది. మధ్యాహ్నం ప్రశ్నలడగమంటే ఒక పెద్దావిడ లేచింది. ముందు కుర్చీ వీపు పట్టుకుని, ఒక కాలి మీద బరువేసి, కాసేపాగి, రెండో కాలు తిన్నగా చేసుకుని అప్పుడు లేచింది. ఏళ్ళ తరబడి ఊడ్పుల్లో బురదలో వంగిన మనిషని ఆ లేవడంలోనే తెలిసిపోతోంది. "మోకాళ్ళు నొప్పండి బాబూ, రాత్రిళ్ళు నిద్దరుండట్లేదు" అంది. గురువుగారు నవ్వి, "అమ్మా, నొప్పి అనే మాటే అనకండి. మీరు పిలుస్తున్నారు కాబట్టే అది వస్తోంది" అన్నారు.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "ఆయ్, నేనెక్కడ పిలిచానండీ, దానంతటదే వచ్చింది" అంది.

హాలంతా నవ్వింది. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది. సాయంత్రం దాకా మళ్ళీ నోరు విప్పలేదు.

ఇదిగో, ఇక్కడే నాకు తమరితో పేచీ. మోకాలి గుజ్జు అరిగితే చప్పట్లకి మళ్ళీ మొలవదయ్యా. డాక్టరుకి చూపించుకోమనాలి, తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం నేర్పాలి, కాస్త ఊరట ఉంటుందని ధైర్యం చెప్పాలి. ఆ చివరి మాటే కదా అసలు నీ ఉద్యోగం! నువ్వేం చేశావ్? నేరం తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టావ్. తగ్గితే నీ మహిమ, తగ్గకపోతే వాళ్ళ నమ్మకంలో లోపం. మా దగ్గర రొయ్యల మేత అమ్మేవాడు కూడా, సరుకు చచ్చిపోతే, చెరువు మీద నీకు నమ్మకం లేదు అనడు. కనీసం వచ్చి నీళ్ళు చూస్తాడు.

ఈ మంత్రం కూడా కొత్తదేం కాదు. ఫ్రాన్సులో ఎమిల్ కూయే అనే మందుల షాపాయన వందేళ్ళ కిందటే "రోజురోజుకీ అన్ని విధాలా బాగుపడుతున్నాను" అని పొద్దునా రాత్రీ 20 సార్లేసి చెప్పించేవాడు. కానీ ఆయన ఫీజు పుచ్చుకోలేదు.

తమరి వల్ల మంచి జరగలేదని నేననను. షుగరు బయటపడ్డ కొత్తలో మా బావ "ఇంకేముందిరా, ఉన్నన్నాళ్ళు తిని పోదాం" అని తాపేశ్వరం కాజాల డబ్బా ముందేసుకున్నాడు. అప్పుడు తమరు ఆయన ఫోన్లోకి వచ్చారు. కొద్దిరోజుల్లోనే తెల్లారగట్ల కాలవ గట్టు మీద నడక మొదలైంది, రాత్రి అన్నం సగమైంది. అంతే మరి, "తగ్గుతుందిలే" అనుకున్నవాడే లేచి చెప్పులేసుకుంటాడు. "నా బతుకింతే" అనుకున్నవాడు మాత్ర తలగడ కింద పెట్టి అటు తిరిగి పడుకుంటాడు. అమెరికాలో దాదాపు 70 వేల మంది నర్సుల్నీ కొంతమంది మాజీ సైనికుల్నీ ఏళ్ళ తరబడి గమనించి, బాగా ఆశావాదులైనవాళ్ళు సగటున 11 నుంచి 15 శాతం ఎక్కువ కాలం బతికారని 2019లో ప్రకటించారు. తిండి, వ్యాయామం, పొగతాగడం లాంటివి లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా కొంత తగ్గింది. అంటే అందులో కొంత వాటా నడకది, పళ్ళెంలో కూరది.

తమరి గురువులు ఎగ్గొట్టేది సరిగ్గా ఆ వాటానే. 1991లో గాబ్రియెల్ ఒటింగెన్, థామస్ వాడెన్ అనే ఇద్దరు, బరువు తగ్గాలని చేరిన 25 మంది ఆడవాళ్ళని పరిశీలించారు. తగ్గగలను అన్న నమ్మకం ఉన్నవాళ్ళు బాగా తగ్గారు. తగ్గిపోయినట్టే తియ్యగా ఊహించుకుంటూ కూర్చున్నవాళ్ళు తక్కువ తగ్గారు. ఆ మండపంలో కళ్ళు మూయించి మాతో చేయించింది ఆ రెండోదే!

మా బావా అక్కడే పడ్డాడు. ఇంతకుముందు బ్యాచిలో "మాత్ర వేసుకుంటే జబ్బుందని ఒప్పుకున్నట్టే" అని విని మాత్రలు మానేశాడు. మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్ష ఒకటుంది కదా, ఎర్రకణాలకి ఎంత చక్కెర అంటుకుందో కొలుస్తారు. ముందు రోజు పస్తున్నా దాన్ని మోసం చేయలేం. ఈసారి అంకె పెరిగింది. బావ డాక్టరుకి చూపించకుండా ఆ కాగితం పాత శుభలేఖల కట్టలో దాచాడు. శిబిరం మర్నాడు అక్క సర్దుతుంటే బయటపడింది. "నేనే సరిగ్గా నమ్మలేకపోయాన్రా" అన్నాడు నాతో, తలొంచుకుని. జబ్బు చేసినందుకు మనిషి సిగ్గుపడాలా?

కాటన్ దొర కంటే పెద్ద ఆశావాది మా గోదావరి మీద ఎవరున్నారండీ? 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలెట్టిన మరుసటి ఏడే ఆయనకి ఒంట్లో బాగోలేదు. పని కెప్టెన్ ఓర్‌కి అప్పజెప్పి ఆస్ట్రేలియా వెళ్ళాడు, 1850లో తిరిగొచ్చాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. "నాకు జబ్బు లేదు, లేదు" అంటూ ఆయన ఇసుకలో నిలబడి ఉంటే మేమింకా వానకోసం ఆకాశం చూస్తుండేవాళ్ళం.

బావని నిన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మాత్రలు మళ్ళీ మొదలు, నడక ఆపొద్దన్నారు. ఈయన ఆపేలా లేడు కూడా. కాలవలు కట్టేసి నీళ్ళు లేకపోయినా, చీకటుండగానే వచ్చి "లేరా, మంచి గాలి" అని నా తలుపు బాదుతున్నాడు. తమరు ఆ గట్టు మీద ఎంతసేపు తిరిగినా నాకభ్యంతరం లేదు. మండపంలో కనపడితే మాత్రం ఊరుకోను.

ఇంకో సంగతి. ఆ పెద్దావిడ ఏ ఊరో కనుక్కుంటున్నాను. దొరికితే చెబుతాను, ఆవిడ 500 ఆవిడకి పంపించండి. ఎముకల డాక్టరు ఫీజుకి పనికొస్తాయి.

ఇట్లు,
మనస్ఫూర్తిగా నమ్మని
ఒక కోనసీమవాడు